ఓడ మీది మనిషికి జ్వరం

మా తాత పెద్ద రాణీగారి ఏలుబడిలో పుట్టాడు. ఏ సంవత్సరమో ఆయనకే తెలియదు. పాత వెండి రూపాయి మీద ఆవిడ బొమ్మ చూపించి, "నాను పుట్టినప్పుడు ఈయమ్మే మన దొర" అనేవాడు. ఆ కాలంలో పుట్టిన రచయితల ఫొటోలు తర్వాత నేను పుస్తకాల్లో చూశాను. తలపాగాలు, శాలువాలు, మెలితిప్పిన మీసాలు. మా తాతకు తలపాగా లేదు, అచ్చయిన పుస్తకమూ లేదు. అయినా సముద్రం దాటి వచ్చి ఆయన చేరిన సుంగై పెటాని దగ్గర, మా రబ్బరు ఎస్టేటులో ఆయన రచయిత కాదని ఎవరైనా అని ఉంటే నాయనమ్మ చీపురు తిరగేసేది. ఆ మాట అనే హక్కు తనకొక్కదానికే ఉందని ఆవిడ నమ్మకం.

ఎస్టేటు తెలుగు బడిలో తాత చాలాకాలం పంతులుగా చేశాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ పని మానేశాడు. పగలంతా రాసుకునేవాడు, సాయంత్రం చదివి వినిపించేవాడు.

ఆ చదవడం ఎలా ఉండేదో చెప్పాలి. మేముండేది లైనులో. అంటే పొడుగాటి రేకుల కప్పు ఒకటి, దాని కింద వరసగా గదులు. గదికీ గదికీ మధ్య చెక్కగోడ మనిషి ఎత్తు దాటాక ఆగిపోయేది, కప్పుదాకా వెళ్ళేది కాదు. ఒకరింట్లో ఎండుచేప వేయిస్తే లైనంతా దగ్గేది. మొగుడూపెళ్ళాల తగువుకి పక్కగది నుంచి తీర్పు వచ్చేది. అడవిలో తిరుగుబాటుదార్ల మీద తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టి, ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె బిగించి, పొద్దుగూకాక ఎవరి గదుల్లో వాళ్ళు ఉండాలన్నాక కోవెల అరుగు మీద తాత చదవడం ఆగిపోయింది. ఆయన ఊరుకుంటాడా? మా గదిలోనే పీట వేసుకుని, లాంతరు దగ్గరికి లాక్కుని, గొంతు పెంచాడు. లైనంతా ఎవరి చాపల మీద వాళ్ళు పడుకుని విన్నారు. గస్తీ తిరిగే సిపాయిలు అదేదో ప్రార్థన అనుకున్నారో ఏమో, అడ్డం చెప్పలేదు.

ఆయన రాత ఆయన కాలపు రాతే. కాగితం మీద అంతా గ్రాంథికం, చదివేటప్పుడు మాత్రం అక్కడికక్కడే లైను మాటల్లోకి దింపేవాడు. నాయిక జడ వర్ణించడానికే ఒక సాయంత్రం పట్టేది. తొందరపడడం ఆ తరం రచయితల ఒంట్లోనే లేదు. కథ మాత్రం చిన్నది. ఒక రైతు సముద్రం దాటి కూలికి పోయాడు, కొన్నేళ్ళకు ఇంటికి రావడానికి ఓడెక్కాడు, రేవులో అతని భార్య ఎదురుచూస్తోంది.

కథలో ఓడ బయలుదేరిన రోజుల్లోనే పక్కగది పిన్ని మొగుణ్ణి పట్టుకుపోయారు. గేటు దగ్గర సోదాలో అతని సైకిలు సంచిలో కాస్త అన్నం దొరికింది. రబ్బరు పాలకు చెట్లు గీసేచోట ఆకలేస్తే తినడానికి అని అతను అన్నాడు. అడవిలోవాళ్ళకి అని సిపాయిలన్నారు. అన్నం మూట గేటు దాటకూడదని అప్పటి చట్టం. ఏ క్యాంపులో పెట్టారో, ఎప్పుడు వదుల్తారో ఎవరూ చెప్పలేదు.

పిన్ని ఏడవలేదు. చీకటితో లేచి చెట్లు గీసేది, వచ్చి వండుకునేది. సాయంత్రం తాత గొంతు సవరించుకోగానే గోడవతల నుంచి ఒక్క ప్రశ్న వచ్చేది.

"పంతులుగోరూ, ఆ ఓడ మీదాయన ఇయాల వచ్చినాడేటి?"

"ఇంకా నేదమ్మా. గాలి ఎదురు తిరిగింది" అనేవాడు తాత.

ఇలా ఉండగా ఒకరోజు తాత ఆ రైతుకు జ్వరం తెప్పించాడు. ఓడలో మందు లేదు, మంచినీళ్ళు తక్కువ. అక్కడ ఆపి కాగితాలు మడిచేశాడు.

తెల్లారితే శనివారం. పిన్ని నన్ను తోడు తీసుకుని కోవెలకి వెళ్ళింది. ఆమె చేతిలో కొబ్బరికాయ ఉంది. వెనకాల లైను ఆడవాళ్ళు ఇంకొందరు. కథలో మనిషికి జ్వరం తగ్గాలని మొక్కు! ఇలాంటి పని మా లైనువాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యరని ఇప్పటికీ అనుకుంటాను. పూజారి ఎవరి పేర అర్చన అని అడిగాడు. పిన్ని తాత కథలోని పేరు చెప్పింది. నక్షత్రం అడిగాడు. ఆమె తన మొగుడి నక్షత్రం చెప్పింది.

ఇంటికొచ్చి నేనది చెప్పగానే నాయనమ్మ అన్నం వడ్డించడం ఆపి, గరిటె చేత్తోనే పట్టుకుని, గొంతు బాగా తగ్గించి తాతను నిలదీసింది.

"ఏటయ్యా, ఆడికి జొరం తగ్గుద్దా నేదా?"

"తగ్గదు. ఆడు ఓడ మీదే పోతాడు."

"నీకేటి పోయేకాలం? పక్కన అది ఇంటన్నాది."

తాత అన్నం కలుపుతూ ఆగిపోయాడు. ఆయన మెల్లగా చెప్పింది నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "మా అన్న నాతోనే ఇక్కడికొచ్చి, కొన్నేళ్ళకి ఇంటికని ఓడెక్కినాడు. దారిలో జొరం తగిలింది. సముద్రంలో ఇడిసీసినారు. ఊళ్ళో మా వదినకి ఎవులు సెప్పినా నమ్మనేదంట. ఏ ఓడొచ్చినా రేవుకి పోయి నిలబడీదంట, సచ్చిపోయినదాకా. ఈ కత ఆడిదే. ఉన్నదున్నట్టు రాయకపోతే నానేటి రచయితని?"

నాయనమ్మ గరిటె కింద పెట్టింది. "మీ అన్న ఎలాగూ రాడు. దాని మొగుడు ఉన్నాడో నేదో మనకి తెల్దు. ఇయాల నువ్వు ఆణ్ని సంపితే రేపు అది మంచం మీద నుంచి లెగదు. తర్వాత నీ ఇష్టం."

ఆ సాయంత్రం రైతు జ్వరం తగ్గనూ లేదు, పెరగనూ లేదు. ఓడ దారి తప్పింది. తర్వాత ఒక దీవిలో ఆగింది. తర్వాత తెరచాప చిరిగింది, కుట్టడానికి దర్జీ కావలసి వచ్చాడు, ఆ దర్జీకి మళ్ళీ ఒక ప్రేమకథ. అది చదవడం ఎంత విసుగో! అయినా లైనులో ఎవరూ ముగించమనలేదు. వాళ్ళకూ అర్థమయ్యే ఉంటుంది. చంపడానికి మనసొప్పక, బతికించడానికి నిజం ఒప్పక మా తాత ఆ ఓడను నీళ్ళ మీద తిప్పుతూనే ఉన్నాడు. ఏళ్ళు గడిచి ఆయనకు చూపు తగ్గింది. ముగించకుండానే పోతాడని నాయనమ్మ భయపడేది. నేనూ భయపడ్డాను.

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. ఆఫీసు ముందు కొత్త జెండా ఎగిరింది. కిరాణి, అంటే మా ఆఫీసు గుమాస్తా, రేడియో బయటపెట్టి అందరికీ వినిపించాడు. పిల్లలకు ఎర్రటి సిరప్ నీళ్ళు పోశారు. తాత కుర్చీలో కూర్చుని, "రాణి కాలంలో పుట్టినాను, రాజ్యమే మారిపోనాది. నా ఓడ ఇంకా సముద్రంలోనే ఉన్నాది" అని నవ్వాడు. పిన్ని నవ్వలేదు. ఆమె చూపంతా గేటు వైపే ఉంది. ఆ రోజు ఎవరూ రాలేదు.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం అతను వచ్చాడు. లారీ దిగి, తడుస్తూ, గుడ్డసంచితో గేటు లోపలికి నడిచాడు. నేను గుర్తుపట్టలేదు, అంత చిక్కిపోయాడు. పిన్ని మాత్రం చేతిలో చాట కింద పడేసి పరిగెత్తింది.

అప్పటికి మా వైపు కర్ఫ్యూ తీసేశారు. అయినా అలవాటు కొద్దీ లైనంతా ఆ సాయంత్రమూ ఎవరి గదుల్లో వాళ్ళే ఉన్నారు. తాత పీట మీద కూర్చున్నాడు గానీ కాగితాలు విప్పలేదు. వాళ్ళ మనిషి వాళ్ళకు వచ్చేశాడు, ఇక నా కథ ఎవరికి కావాలి అనుకున్నాడేమో. గోడవతల నుంచి పిన్ని ప్రశ్న కూడా రాలేదు. కప్పు మీద వాన మాత్రమే వినిపించింది.

అప్పుడు బొంగురుపోయిన మగగొంతు ఒకటి గోడ మీదుగా వచ్చింది.

"పంతులుగోరూ, మాయావిడ సెప్పింది. ఆ ఓడ మీదాయన... ఆయనికి జొరం తగ్గిందా? ఇంటికొచ్చినాడా?"

నాయనమ్మ తాత వైపు చూసింది. తాత విప్పని కాగితాలు పక్కన పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"వచ్చినాడు నాయనా" అన్నాడు చివరికి. "మా అన్న వచ్చేసినాడు."