‘ఆమె’ను కొట్టేసిన చెయ్యి

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఓదార్చమని అడగను. వినండి, చాలు.

నేను ఐరాల వైపు ఒక హైస్కూల్లో తెలుగు పంతులును. వ్యాకరణంలో నన్ను తప్పు పట్టినవాళ్లు లేరు. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఏడాది తొమ్మిదో తరగతికి ఒక వ్యాసం ఇచ్చాను: మీ గురించి మీ స్నేహితులెవరో రాసినట్టు రాయండి. అందరూ మగపిల్లాడనుకునే ఒక బిడ్డ తన గురించి పేజీ పొడుగునా ‘ఆమె వచ్చింది, ఆమె నవ్వింది’ అని రాసింది. ప్రతి ‘ఆమె’నూ కొట్టేసి, ఎర్ర సిరాతో ‘అతడు’ అని దిద్దాను. పక్కన ‘లింగదోషం’ అని రాశాను.

బడి వదిలాక వచ్చింది.

“అది తప్పు కాదు సార్. తెలిసే రాసినా. ‘నేను వచ్చినాను’ అంటే ఆడో మగో తెలీదు గదా, దాంతో నాకు బాధ లేదు. వేరేవాళ్లు రాసినట్టు రాయమన్నారు. అందుకే నిజం రాసినా. ఎవురికీ సెప్పొద్దు సార్.”

“చెప్పనులే, పో” అన్నాను.

మర్నాడే వాళ్ల నాయనను పిలిపించి, ఆ నోటుపుస్తకం బిడ్డ లేనప్పుడు సంచిలోంచి తీసి చేతిలో పెట్టాను. నా పేరు రానీయొద్దని, సంచిలో దొరికిందని చెప్పుకొమ్మని కూడా నేర్పించాను. ఎందుకు? బిడ్డ మంచి కోరా? కాదు. నా దిద్దుబాటును ఒక పిల్ల కాదన్నదని ఒళ్లు మండింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

ఆయన బడి మాన్పించాడు. తాయెత్తులు కట్టించాడు. ఆమె నెలల తరబడి గది దాటలేదు, సరిగా తినలేదు, చచ్చిపోతానని కూడా అన్నదట. చివరికి మేనత్త తిరుపతిలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ మొదటి రోజే “నిన్ను ఎట్లా పిలవాలమ్మా?” అని అడిగిందట. అక్కణ్ణించే కోలుకుంది. నేనూ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉండొచ్చు కదా? నోరు రాలేదు, చెయ్యి మాత్రం ఆడింది.

పోయిన నెల శ్రీకాళహస్తి బస్టాండులో తనే నన్ను గుర్తుపట్టి పలకరించింది.

“ఆ పొద్దు నా మాట విన్నది మీరొక్కరే సార్. నాయన సంచి ఎతికి సూసినాడు, ఏం సేస్తాం.”

నేను తల ఊపాను. మొదటి తప్పు కోపంలో చేశాను. ఈ రెండోది తీరిగ్గా, ఆ మర్యాద రుచి చూసుకుంటూ చేశాను.

ఇవాళ ఆమెకు ఉత్తరం రాశాను. ‘పుస్తకం మీ నాయనకు ఇచ్చింది నేనే.’ క్షమించమని రాయలేదు. ఆమె ఇక నన్ను సార్ అనకపోవచ్చు, అనక్కర్లేదు కూడా. పోస్టులో వేసి ఇంటికొచ్చాను. చాన్నాళ్లకు అన్నం సహించింది.