అంకాలమ్మవ్వ వేసిన ముడి

మా అంకాలమ్మవ్వ గొంతు గురించి ముందు చెప్పాలి. ఆమె మా రేవులో నిలబడి గట్టిగా దగ్గితే శ్రీహరికోటలో ఎగరబోయే రాకెట్టు ఆగి, "ఎవరమ్మా అది?" అని అడుగుతుంది. నమ్మకపోతే పోండి. తొమ్మిదో తరగతిలో సైన్సు అయ్యవారూ నమ్మలేదు, ఆ బడిని నేను వదిలేశాను. రాకెట్టు సంగతి ఎలా ఉన్నా, మిగతాదంతా నిజం.

అవ్వకు తొంభై అటూ ఇటూ. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ చేపల బుట్టతో నడిచింది. ఇల్లరికం వచ్చిన మా తాతనూ, వచ్చిపోయే తుఫాన్లనూ ఒంటిచేత్తో అదుపులో పెట్టింది. అంత మనిషికీ పల్లెలో ఒక్క ముడి వేసే హక్కు లేదు.

మా పల్లెలో ఊరందరికీ కలిపి ఒక పెద్దవల ఉంటుంది, ఒడ్డున నిలబడి అందరూ లాగే వల. కొత్తది అల్లినప్పుడల్లా ఇంటికొకరు వచ్చి దానికి ఒక ముడి వేయాలి. ముడి వేసిన ఇల్లే ఊళ్లో ఇల్లు. మా ఇంటిని మాత్రం పిలవరు. యుద్ధం రోజుల్లో జపానువాళ్లు వస్తున్నారని పల్లె పల్లెంతా పడమటికి పారిపోయింది. తిరిగొచ్చేసరికి వల లేదు. వెనక ఉండిపోయిన మగాడు అవ్వ తండ్రి చిన్నపోలయ్య ఒక్కడే. అడిగితే "పోయింది" అన్నాడు. అంతకుమించి నోరు విప్పలేదు. అమ్ముకున్నాడని ఊరు తీర్మానించింది.

ఈ ఏడు ఎండాకాలపు చేపల వేట నిషేధం ముగిసే ముందు కొత్త వల సిద్ధమైంది. మా పల్లె పెద్దల్ని కాపులంటాం. వాళ్లలో పెద్దకాపు గంగులయ్య వలల షెడ్డులో కూర్చుని ఇళ్లను పిలుస్తుంటే, అవ్వ కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"నా ఇల్లు పిలవలా ఏందిరా గంగులూ?"

"నీకు తెలీందా అత్తా. ఊరి కట్టుబాటు. మార్చేదానికి ఇదేమన్నా నా సొంత వలా?"

"మా నాయన వల అమ్మలా."

"మరేం చేసినాడు? పులుసు పెట్టుకున్నాడా?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వబోయి, అవ్వ చూపు తగిలి, దాన్ని తుమ్ముగా మార్చుకున్నాను.

"నేను పోయేలోపల మా నాయన మీద దొంగన్న మాట పోవాల," అంది అవ్వ. "అంతా చెప్తా. ముందర కర్పూరం తెండి. నేను చెప్పబోయేదాన్ని పగలగొట్టం, అమ్ముకోం అని కాపులందరూ ప్రమాణం చేయండి."

"యినకముందే ప్రమాణమా?"

"నువ్వు చేపను చూసినాకే వలేస్తావా?"

ఒకరి తర్వాత ఒకరు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. అప్పుడు చెప్పింది.

ఊరు పారిపోయిన ఆ రోజుల్లో ఏడెనిమిదేళ్ల అంకాలమ్మకు అమ్మవారు పోసింది. తల్లి లేని బిడ్డ. కదిలించకూడదని తండ్రి ఆగిపోయాడు. ఒక తెల్లవారుజామున సముద్రంలో పెద్ద చప్పుడు. దూరంగా ఒక సరుకు ఓడ మంటల్లో మునుగుతోంది. మనుషులు చెక్కలు పట్టుకుని కొట్టుకొచ్చారు గానీ, ఒడ్డు దగ్గరి అలలు దాటలేకపోతున్నారు. పోలయ్య ఊరి వల తాడును ఒడ్డున గుంజకు కట్టి, వలను తెప్ప మీద వేసుకుని పోయి నీళ్ల మీద పరిచాడు. దాన్ని పట్టుకుని వాళ్లు ఒకరి వెనక ఒకరు ఒడ్డు చేరారు. చిక్కుకున్నవాళ్లను విడిపించడానికి అతను కత్తితో వలను ముక్కలు చేశాడు.

"ఒళ్లంతా పొక్కులతో నేనూ తాడు లాగినా," అంది అవ్వ. "మిలిటరీ లారీ వచ్చి వాళ్లను తోలుకోని పోయింది. ఓడ మునిగిందని నోరు జారితే పల్లెనే లేపేస్తామన్నారు. యుద్ధం అయిపోయినాక కూడా నాయన చెప్పలా. ఇనుముందని తెలిస్తే జనం మీద పడి పీక్కుంటారు. ఓడలోంచి బయటికి రాలేని బిడ్డలు లోపలే ఉండారు, వాళ్లను కదిలీగూడదని ఆయన పట్టు."

"యాడుండాది ఆ ఓడ?"

"మీరు ఏటా పసుపు కుంకం పోసే గంగమ్మ రాయే, ఓడ."

మావాళ్లెవరూ వల వేయని చోటు అది. అక్కడ నీళ్ల అడుగున గంగమ్మ శిల ఉందని మొదట పుట్టించింది పోలయ్యే. నమ్మని వాళ్ల వలలు చిరిగి, వాళ్లూ నమ్మారు. దొంగ అని తిట్టిన ఊరే అతను కల్పించిన శిలకు ఇన్నేళ్లూ టెంకాయలు కొట్టింది! కోతలు మా వంశంలోకి ఎలా వచ్చాయో నాకప్పుడు అర్థమైంది. నేనింకా చిల్లరవాణ్ణే.

"తల్లిని ఇనుమంటావా!" అని గంగులయ్య లేచాడు.

"రాయైతే ఊరిడిసి పోతా. ఇనుమైతే ముడేస్తా."

వేట మొదలయ్యే రోజు పూజ పడవ బయల్దేరింది. ఆడమనిషి పడవెక్కితే గంగమ్మకు కోపమని గంగులయ్య అడ్డం నిలబడ్డాడు.

"గంగమ్మ ఏమన్నా మగోడంట్రా?" అంది అవ్వ. అంతే, నేనూ మా తమ్ముడు పెంచల్ ఆమెను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టాం.

పరీక్షకు, పెళ్లిళ్లకు నేను అద్దెకిచ్చే మైకుసెట్టు పెద్ద స్పీకరు లోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చాను. అది సామాన్యమైంది కాదు. కావలిలో ఆగాల్సిన రైళ్లు ఇటు తిరుగుతాయేమోనని బోర్లించి దాచేవాణ్ణి. తాడు కట్టి రాయి దగ్గర దించాం. ఒట్టిదే వచ్చింది. మళ్లీ దించితే బురద వచ్చింది. గంగులయ్య మీసం కింద నవ్వు కనబడింది. అవ్వ నీళ్లనే చూస్తూ కూర్చుంది.

ఇంకోసారి దించాం. ఈసారి తాడు రాలేదు. పెంచల్ లాగాడు, నేను లాగాను, పడవ ఒరిగింది.

"రాయి పట్టుకుందేందిరా!" అంటూ గంగులయ్యే తాడు అందుకున్నాడు. చటుక్కున ఊడి వచ్చేసరికి అందరం వెల్లకిలా పడ్డాం. అయస్కాంతానికి అరచేతంత తుప్పు పెళ్ల అంటుకుని ఉంది, ఒకవైపు గుల్లలు, ఒకవైపు ఎర్రటి ఇనుము.

గంగులయ్య దాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "అత్తా, ఊరికి చూపిస్తా."

"ప్రమాణం చేసినావు. దాని చోట దాన్ని వదిలెయ్. నీ నోటితో చెప్పు, చాలు."

వదిలేశాడు. దాని వెనకే పసుపు, కుంకుమ, ఎప్పటికన్నా రెండింతలు.

ఒడ్డుకొచ్చాక గంగులయ్య పడవ దిగకముందే అరిచాడు: "చిన్నపోలయ్య ఇల్లు! వచ్చి ముడేయాల!" ఆడవాళ్లు ఈలలు వేశారు. మా పల్లెలో ఆడవాళ్లు ఈల వేస్తారని నాకూ తెలియదు. అవ్వ వల ముందు కూర్చుని, వంకర్లు పోయిన వేళ్లతో నిదానంగా ముడి బిగించి, పళ్లు లేని చిగుళ్లతో కొసను లాగింది. తర్వాత పక్క ముడిని గిల్లింది. అది వదులైంది.

"ఎవురిదిరా ఇది?"

"నాదే అత్తా," అన్నాడు గంగులయ్య.

"పెద్దకాపు ముడంట! దీనికి వేలెడు నెత్తళ్ల చేప కూడా ఆగదు. విప్పు."

ఆ పూట ఊరంతా వేట మానేసి ఒడ్డున నిలబడింది. అవ్వ ఒక్కో ముడి లాగి చూస్తూ, ఒక్కో ఇంటాయన్ను పిలిచి మళ్లీ వేయిస్తోంది.