పదహారు భాగాలూ చూసింది నేనొక్కదాన్నే

పక్క గదిలోంచి ఒక కొరియన్ అమ్మాయి ఏడుపు వినిపించింది. అది పూర్తి కాకముందే ఏదో పాట మొదలైంది. అదీ తెగిపోయి ఇంకెవరో పకపకా నవ్వారు. మా అమ్మాయి పది నిమిషాల్లో మూడు సీరియళ్ళు మార్చింది. "ఏదీ నచ్చట్లేదా?" అని అడిగాను. "నచ్చుతున్నాయమ్మా. కానీ ఇంతకన్నా మంచిది ఇంకోటి ఉందేమో అనిపిస్తోంది," అంది. ఆ తర్వాత నాకు చేతిలో పని మీద మనసు నిలవలేదు. ఇరవై మూడేళ్ళ వయసులో నేనూ అచ్చం ఇలాగే ఉండేదాన్ని. ఒక చోట కూర్చోవడం నాకు నేర్పినావిడ పేరు ఉమామహేశ్వరి.

అప్పటికి నా ఎం.సి.ఎ. పూర్తయింది. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది కానీ ఎప్పుడు వచ్చి చేరాలో చెప్పలేదు. చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తయారవుతున్న రోజులవి. నేను మాత్రం రహమత్ నగర్‌లో మా ఇంటికీ ఇంటర్నెట్ సెంటర్‌కీ మధ్య తిరుగుతూ, రాని ఉత్తరం కోసం రోజుకు నాలుగుసార్లు మెయిల్ చూసుకునేదాన్ని. అలాంటప్పుడు ఒక స్నేహితురాలు ఫిల్మ్ నగర్‌లో పని ఉందని చెప్పింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుతూ కొరియన్ ప్రేమకథలు చూసి, ఏది బాగుందో ఒక సినిమా ఆఫీసులో చెప్పాలట. "టీవీ చూసుడు గూడ ఒక నౌకరేనా బిడ్డా?" అని మా అమ్మ నవ్వింది. ఇంట్లో ఉండలేక వెళ్ళాను.

ఉమగారిది గుంటూరు వైపు. ఎన్నో ఏళ్ళు ఎడిటింగ్ గదుల్లో పనిచేసి, ఆ నిర్మాత దగ్గర కథల విభాగం చూసేవారు. ఒక టీవీ, అట్టపెట్టె నిండా డీవీడీలు, రెండు కుర్చీలు, అంతే ఆ విభాగం. ఒక్కో సీరియల్ పదహారు భాగాలు. నాలుగు చూసి, మిగతావి చూడొచ్చో లేదో తేల్చాలి. మొదటిరోజు నేను సగం భాగానికే తేల్చేశాను.

"ఇది వద్దు మేడం."

"ఏం?"

"ఏమైతదో తెలిసిపోయింది. లాస్టుకి ఇద్దరూ కలుస్తరు."

"అన్నిట్లోనూ కలుస్తారమ్మాయ్. అది చెప్పడానికి నువ్వెందుకు? ఆ పిల్ల ఏం పని చేస్తోంది?"

నాకు గుర్తు రాలేదు. హీరో వేసుకున్న పొడుగు కోటు మాత్రం బాగా గుర్తుంది.

"మొదటినుంచీ పెట్టు. ఆ అబ్బాయి రాని రోజున కూడా ఆ పిల్ల ఏం చేస్తుందో చూడాలనిపిస్తే పూర్తిచెయ్యి. లేదంటే పెట్టెలో పడెయ్," అన్నారావిడ.

చాలావరకు పెట్టెలోకే వెళ్ళాయి. మతిమరుపు వచ్చిన హీరోయిన్లు, కోటీశ్వరుల కొడుకులు, ఆఖరి నిమిషంలో విమానాశ్రయానికి పరుగులు. నేను మధ్యమధ్యలో లేచి కిటికీ దగ్గరికీ, బయటికీ, మళ్ళీ కుర్చీకీ తిరుగుతుంటే, "కూర్చోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అనేవారు.

మూడో నెలలో ఒకటి దొరికింది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేసే అమ్మాయి కథ. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచి, రోజూ సూటు వేసుకుని వచ్చి ఆ దుకాణంలోనే పొద్దుపుచ్చే అబ్బాయి. నాలుగు భాగాలు ఇద్దరం కలిసి చూశాం. ఆ తర్వాత ఉమగారు వేరే సినిమా ఎడిటింగ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. మిగతా పన్నెండూ నేను రెండు రోజుల్లో చూసేశాను. ఒక్కసారి కూడా కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. ఒక్కో కథ గురించి ఆఫీసుకు ఎప్పుడూ ఒక పేజీ రాసిచ్చేదాన్ని, దీనికి నాలుగు పేజీలు రాశాను.

అది చదివి నిర్మాతగారు కథాచర్చకు పిలిచారు. ఎనిమిది మంది మగవాళ్ళు, ఒక మూల ఉమగారు. కథంతా తెలిసింది నాకొక్కదానికే. దాదాపు రెండు గంటలు చెప్పాను. టీలు చల్లారిపోయాయి. ఎవరూ ఫోన్ తీయలేదు. నా మాట ఎవరైనా అంతసేపు వినడం అదే మొదటిసారి.

"బ్రహ్మాండం! దుకాణం మన జూబ్లీహిల్స్‌లో పెడదాం. కుర్రాడు సాఫ్ట్‌వేర్," అన్నారు నిర్మాతగారు.

"హక్కులు అడుగుదామండీ. రాసినవాళ్ళకి ఒక ఉత్తరం రాద్దాం," అన్నారు ఉమగారు.

"కొరియాలో ఎవరికి తెలుస్తుందండీ? ఈ అమ్మాయి చెప్పింది, మనం విన్నాం. ఏమ్మా, ఇంకేమన్నా మార్పులు తోస్తున్నాయా?"

ఉమగారు నా వైపు చూశారు. నేను నిర్మాతగారి వైపు చూసి, ఆ అబ్బాయికి తండ్రి బదులు అమ్మ ఉంటే మన జనానికి నచ్చుతుందని చెప్పాను. అందరూ బాగుందన్నారు. ఉమగారు కళ్ళజోడు తీసి దాని డబ్బాలో పెట్టుకుని లేచి వెళ్ళారు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మధురానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసి, "రా అమ్మాయ్, ఇంకా ఒక భాగం ఉంది," అని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నారు. అది నేను పెట్టెలో పడేసిన సీరియలే.

"ఇది బాగుండదు గద మేడం?"

"బాగోదు. ఆ స్నేహితురాలి వేషం వేసిన పిల్ల ప్రాణం పెట్టి చేస్తోంది. దాన్ని సగంలో వదిలేయబుద్ధి కాలేదు."

"తప్పు చేసిన మేడం," అన్నాను.

"ఆ రోజు కథ బాగా చెప్పావు. నాకు కష్టమనిపించింది అదే."

"ఇప్పుడు నన్నేం చేయమంటరు?"

"నన్నడక్కు. చెప్పింది నువ్వు."

ఆఖరి భాగం అయిపోయింది. తెరమీద పేర్లు పైకి పోతున్నాయి. ఆపుదామని లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "అందులో ఒకటి రాసినవాళ్ళది. మనిద్దరికీ చదవడం రాదు. అయినా కూర్చో."

సోమవారం వెళ్ళి, హక్కుల కోసం ఆ ఉత్తరం రాయకపోతే నేను పని చేయనని నిర్మాతగారితో అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఇవన్నీ నీకెందుకమ్మా," అని జాలిగా నవ్వారు. నా నాలుగు పేజీలు ఇవ్వమని అడిగాను. ఇచ్చారు. అప్పటికే వాటికి జిరాక్సులు తీశారని బయటికి వచ్చాక తెలిసింది. హీరో డేట్లు దొరక్క ఆ సినిమా ఆగిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అందులో నా గొప్ప ఏమీ లేదన్న సంగతి మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, మాదాపూర్ వెళ్ళిపోయాను. ఉమగారు గుంటూరులో తమ్ముడి దగ్గరికి చేరారు. ఫోన్ చేస్తే, పనిచేసిన ఆఫీసు గురించి ఒక్క మాటా అనేవారు కాదు. పోయిన ఏడాది వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి, ఆవిడ ఇక లేరని చెప్పారు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను స్థిమితంగా ఉన్న రోజులు తక్కువే. మీటింగుల్లో ఇంకొకరి ఆలోచన నా నోట వస్తే, వాళ్ళ పేరు చెప్పేదాకా నాకు ఊపిరాడదు. కొరియన్ అక్షరాలు కొన్ని నేర్చుకున్నాను, 'రచన' అన్న మాట గుర్తుపట్టేంత వరకు. సీరియల్ చివర ఆ మాట పక్కన తరచూ మూడు అక్షరాల పేరు ఉంటుంది. నేను రెండు కూడబలుక్కునేలోపే అది తెర దాటిపోతుంది. వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదువుతాను.