మూత మాస్టారు తెరవని ఫైళ్లు

మూసి ఉన్న వస్తువు కనిపిస్తే మూత మాస్టారికి ఒళ్లు మండుతుంది. తెరిచి చూడాల్సిందే. హోటల్లో ఫ్లాస్కు, బస్సులో పక్కవాడి గొడుగు, దేన్నీ వదలడు. సొంత నిశ్చితార్థంలో "ఉంగరం పెట్టె తెరిచి చూశారా?" అని నలుగురిలో అడిగి, కాబోయే మామగారి చేత ఏళ్ల తరబడి మాటలు మాన్పించుకున్న ఘనుడు.

అలాంటి మనిషిని విశ్వవిద్యాలయంవారు పరిశోధన వ్యాసాల భాండాగారంలో వేశారు. పత్రికలు మూతపడతాయి, వెబ్‌సైట్లు మాయమవుతాయి. అయినా అచ్చైన వ్యాసం మునిమనవలక్కూడా కంప్యూటర్లో దొరకాలి. అదీ అక్కడి పని. మాస్టారు ప్రతి ఫైలూ తెరిచేవాడు. తెరుస్తూ అందర్నీ తిట్టేవాడు.

"అమ్మాయ్, తెరిచి చూశావా?"

"ఫైలు చేరిందని కంప్యూటర్లో పచ్చదీపం వెలిగింది మాస్టారూ."

"పచ్చదీపం చూసి కదలడానికి మనం రైళ్లమా?"

ఆ తిట్లన్నీ తినే అమ్మాయికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇద్దరు పిల్లలూ, మంచంపట్టిన అత్తగారూ ఆ జీతం మీదే ఉన్నారు. ఈయన నోరు ఎప్పుడు పడిపోతుందా అని ఆమె రోజూ దేవుడికి మొక్కుకునేది.

నోరు పడలేదు గానీ, కంటికి ఆపరేషనై మాస్టారు నెల్లాళ్లు ఇంట్లో పడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక ప్రచురణ సంస్థ దుకాణం కట్టేసింది. వాళ్ల వ్యాసాలన్నీ ఆమె ఒక్కతే హడావిడిగా భాండాగారంలోకి దించింది. దీపం పచ్చగా వెలిగింది. డైరెక్టరుగారు వేదికెక్కి "నూరేళ్లు భద్రం!" అని చప్పట్లు కొట్టించుకున్నారు.

నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చిన మాస్టారు మొదటి ఫైలు తెరిచాడు. వ్యాసం లేదు. "మీ పాస్‌వర్డు తప్పు. మళ్లీ ప్రయత్నించండి" అని ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే! పెట్టింది పెట్టినట్టు ఉందా అన్నదే యంత్రం చూస్తుంది. చెత్త పెడితే చెత్తనే అక్షరం చెదరకుండా కాపాడుతుంది. అసలు వెబ్‌సైటు అప్పటికే గాలిలో కలిసిపోయింది.

మాస్టారి కేకలకు డైరెక్టరుగారే దిగి వచ్చారు. సంగతి విని, "ఈవిడ రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు.



"వేదికెక్కే ముందు తమరు ఒక్కటైనా తెరిచి చూశారా?" అన్నాడు మాస్టారు.

"అది నా పనా?"

"కాదు. నాది. చూసి ఒప్పుకోవాల్సింది నేను. బద్ధకించి తెరవలేదు. పీకితే నన్ను పీకండి. పీకి, ఆ నూరేళ్ల మాట అదే వేదికెక్కి వెనక్కి తీసుకోండి!"

ఎదురుగా నల్లకళ్లద్దాలు నిగనిగలాడుతున్నా, ఆ నెల ఎవరు సెలవులో ఉన్నారో డైరెక్టరుగారికి తట్టలేదు. తన గది దాటి వస్తేగా తెలియడానికి! "త్వరగా సరిచెయ్యండి" అని గొణిగి వెళ్లిపోయారు. మూత మాస్టారు తెరవలేదట అన్న కబురు మాత్రం సాయంత్రానికి టీ కొట్టుదాకా పాకింది. ఆయనకు ఉన్నది ఆ ఒక్క పరువే.

"మాస్టారూ, అప్పుడు మీ కంటికి కట్టు..."

"నోర్ముయ్! ఫోనెత్తు. రాసినవాళ్ల దగ్గర సొంత కాపీలుంటాయి. ఒక్కొక్కణ్ణీ పట్టుకో."

మొదట దొరికింది ఎప్పుడో రిటైరైన ఒక ప్రొఫెసరు.

"వెనకాల ఎవరమ్మా అంతలా అరుస్తున్నారు?"

"మా పెద్దాయనండీ. మీ వ్యాసం పోయిందని."



"నా వ్యాసం కోసమా? రాశాక మా ఆవిడైనా చదవలేదమ్మా! ఉండు, ఇప్పుడే పంపిస్తా. ఇంకో రెండున్నాయి, అవీ పోయాయేమో కనుక్కో!"