గీత ఉండగానే చుక్క దించాల

మా పక్కింటి మామ మొన్న మంగళవారం చీకటి పడినాక పోయినాడు. ఆ చీకటేళే నక్షత్రం మారిందంట, ఏ నక్షత్రంలో పోయినాడో చూడాలని పంతులు నిమిషంతో సహా టైం అడిగినాడు. పక్కన ఉణ్ణింది నేనొక్కణ్ణే, చేతిలో వాచీ కూడా ఉణ్ణింది. అయినా చెప్పలేకపోయినాను. బతుకంతా చుక్కలు చూసిన మనిషి ఏ చుక్కలో పోయినాడో మైపాడులో ఎవరికీ తెలియకుండా చేసింది నేనే.

మామ ఉప్పు పడవకి తండేలు, పడవ నడిపే పెద్ద. ఊరిబడిలో నాలుగో తరగతి దాటని నన్ను వాచీ పట్టుకోడానికి పెట్టుకున్నాడు. ఎప్పుడో స్టీమర్లో నేర్చిన విద్య ఆయనది. చుక్కల ఎత్తు కొలిచే సెక్స్‌టాంటు కంటికి పెట్టి, దాని అద్దంలో చుక్కని సముద్రం ఆకాశాన్ని తాకే గీతదాకా దించేవాడు. చెయ్యి కొంచెం అటూ ఇటూ వొంచితే చుక్క ఉయ్యాల ఊగతాది. ఊగతా ఊగతా అడుగున గీతని తాకితే "ఆ" అంటాడు. అప్పుడు నేను ముందు సెకన్ల ముల్లు చూడాల.

"నిమిషం యాడికీ పోదురా అల్లుడూ. నాలుగు సెకన్లు తప్పితే మైలు తప్పినట్టే."

చుక్క కనపడేంత చీకటి, గీత కనపడేంత వెలుగు, రెండూ కలిసుండేది పావుగంట. తూర్పున ముందు చీకటి పడతాది గనక ముందు తూర్పు చుక్కని పట్టేవాడు.

ఒకసారి మద్రాసు నించి వస్తా ఉంటే మూడు దినాలు మబ్బు. దారిలో నీళ్ళకింది ఇసకదిబ్బ యాడుందో తెలియదు. నాలుగోనాడు సాయంత్రం తూర్పు చుక్క దొరికింది. అదొక్కటే చాలదు, యాడుండామో తెలియాలంటే రెండు చుక్కలు కావాల. ఉత్తరం చుక్క పట్టేలోపల చీకటైంది. నాకు మాత్రం ఆ పక్క గీత సుద్దతో గీసినట్టు కనపడతా ఉంది.

"ఉండాది గదా మామా, పట్టు."

"ఇంత బాగా ఉండకూడదురా. ఈ పాటికి చెరిగిపోవాల. లంగరెయ్యండి."

"ఊరు దగ్గిరే ఉంటాది మామా."

"ఉంటే తెల్లారినా ఉంటాదిలే."

తెల్లారి చూస్తే ఎదురుగా, ఆ గీత ఉణ్ణిన చోటే, దిబ్బ మీద అలలు విరగతా ఉండాయి. రాత్రి మనం చూసింది ఈ నురగే అన్నాను.

"నురగైతే కదలతాది. అది కదల్లేదు" అన్నాడు మామ. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మంగళవారం మంచం మీదనించే నా చేతికి వాచీ ఇచ్చినాడు. "గీత ఉండాదా?"

కిటికీలోనించి చూసినాను. దీపాలు పెట్టి శానాసేపైంది. సముద్రమే కనపడకూడదు. గీత మాత్రం ఉండాది, సుద్దతో గీసినట్టు.

"ఉండాది మామా" అన్నాను. తెల్లగా, కదలకుండా ఉండాదని కూడా చెప్పుంటే, తెల్లారేదాకా లంగరేసుకోని ఆగేవాడేమో. చెప్పలేదు.

"ఆ" అన్నాడు.

ముందు సెకన్ల ముల్లు చూసినాను. పదిహేడు. నిమిషాలు చూడబోయి మామని చూసినాను. ఎంతసేపు అట్టా చూస్తా ఉణ్ణినానో తెలియదు. మళ్ళీ కిటికీ దిక్కు తిరిగేసరికి గీత చెరిగిపోయింది.