కాళ్ళ తనిఖీ

శానిటరీ ఇన్‌స్పెక్టరుగా నా మకాం ఆత్మకూరు. ఉదయగిరిలో దిక్కులేని ముసలివాళ్ళ కోసం ఒక మోతుబరి కుటుంబం సత్రం నడిపేది. అక్కడి వంటిల్లు, దొడ్డి, బావి రూల్సు ప్రకారం ఉన్నాయో లేదో చూసి రావడం నా పనుల్లో ఒకటి. దుత్తలూరు మీదుగా బస్సులో దుమ్ము తింటూ వెళ్ళేవాణ్ణి. తప్పు పట్టకపోతే పైవాళ్ళు ఊరుకోరు. పడితే ఆ ముసలివాళ్ళ నోటికాడ కూడు ఎక్కడ పోతుందోనని నాకే భయం.

యాభైల మొదట్లో ఒక ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం వేళ నాలుక పిడచగట్టుకుపోయి సత్రంలో అడుగుపెట్టాను. ఉన్నవాళ్ళలో కాస్త ఓపిక ఉన్న అవ్వ ఒకామె అందరికీ నీళ్ళు తెచ్చేది. తెచ్చిన నీళ్ళను పాత చీరగుడ్డలో వడగట్టి కుండల్లో పోసేది. ఆ రోజు కుండల్లో నీళ్ళు వేడెక్కిపోయాయి. వచ్చినవాడు ఆఫీసరాయె. గబగబా దిగుడుబావి మెట్లు దిగి, చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది.

"చల్లగా ఉండాయి, తాగు నాయనా."

గడగడా తాగేశాను. ఖాళీ చెంబు చేతికిస్తుంటే ఆమె కాలికి చుట్టిన తడిగుడ్డ కనబడింది.

"ఏందవ్వా అది?"

"ముల్లు గుచ్చుకునింది."

విప్పమన్నాను. విప్పనంది. నేనూ మొండివాణ్ణే, వదల్లేదు. విప్పితే చీలమండ పైన పుండు, పుండులోంచి తెల్లటి దారంలాంటి పురుగు. దాని కొన అగ్గిపుల్లకు చుట్టి ఉంది. నారికురుపు. ఆ పురుగును రోజుకు కొంచెం చొప్పున పుల్లకు చుట్టుకుంటూ రావాలి. తొందరపడి లాగితే తెగిపోయి కాలంతా చీము పడుతుంది. మంట ఓర్చుకోలేక మనిషి కాలు నీళ్ళలో పెడతాడు. పెట్టగానే హాయిగా ఉంటుంది, ఆ హాయిలోనే పురుగు తన పిల్లల్ని నీళ్ళలోకి వదిలేస్తుంది. ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలు పొంగుతుంది. ఊరూరా తిరిగి ఈ ముక్క చెప్పేవాణ్ణి నేనే. ఇప్పుడే నేను తాగిన చెంబెడు నీళ్ళూ వడగట్టనివే.

అంతలో సత్రం నడిపే పెద్దాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ మాట కరుకు.

"ఊరికే కూడు పెడతా ఉంటే బాయిని పాడు చేసిందా? రేపే బయటికి పంపిస్తా," అన్నాడు.

"తప్పు ఆమెది కాదండీ, మెట్లది. మెట్లు మూయించి, పైన గిలక పెట్టించండి. రూలు కూడా అదే," అన్నాను. అవ్వకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ గడప దాటితే అడుక్కోవడమే గతి.

చాలాసేపు బతిమాలితే ఒప్పుకున్నాడు. ఊరికే ఒప్పుకోలేదు.

"మెట్లు మూయిస్తా. అయితే ఒక మాట. ఆ నీళ్ళు తాగినోళ్ళల్లో వచ్చే ఎండాకాలానికి ఒక్కరి కాలికి కురుపు లేచినా ఈమె మూట కట్టుకోవాల్సిందే. అప్పుడు నువ్వు అడ్డం రాకూడదు."

బావి మెట్లు మూసుకుపోయాయి, గిలక వచ్చింది. అవ్వ పుండూ మానింది. నాకు మాత్రం ఆ ఏడాది నిద్ర పట్టలేదంటే అబద్ధం కాదు. వెళ్ళినప్పుడల్లా ముసలివాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ళు చూసేవాణ్ణి. "ఈయన మన మొగాలు చూడడు, కాళ్ళకే దణ్ణం పెడతాడు," అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరికి దోమ కుట్టినా ఆ దద్దురును వేలితో నొక్కి చూసేవాణ్ణి. ఇంట్లో నా కాళ్ళూ చూసుకునేవాణ్ణి. "ఏంది, పారాణి పెట్టించుకుంటారా?" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆమెకు నేనేమీ చెప్పలేదు.

మళ్ళీ ఎండలు ముదిరాయి. రేపు ఉదయగిరి తనిఖీ అనగా నా ఎడమకాలి మడమ పక్కన పొక్కు లేచి చిట్లింది. లోపల తెల్లగా కొన కనబడింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు. వెళ్ళకపోతే నా బదులు ఇంకొకరిని పంపుతారు, నేనెందుకు రాలేదని ఆరా తీస్తే నా కురుపు సంగతి పెద్దాయన చెవిన పడుతుంది. గట్టిగా కట్టు కట్టి, పైన ప్యాంటు వదులుగా వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నిప్పుల మీద కాలు పెట్టినట్టే ఉంది.

సత్రంలో ఒక్కొక్కరి కాళ్ళూ చూశాను. ఒక్క పొక్కు లేదు. వాళ్ళు తాగినవి గుడ్డలో వడగట్టిన నీళ్ళు మరి. లేచి నిలబడుతుంటే అవ్వ నా నడక చూసింది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఏ కాలు నాయనా?"

నేను ఎడమకాలి ప్యాంటు అంచు కిందికి లాక్కున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నేనే గదా ముంచి ఇచ్చినాను. ఆయనకు చెప్పేసి పోతా," అంది.

అప్పుడే పెద్దాయన లోపలికి వచ్చాడు. "ఏమయ్యా ఇన్‌స్పెక్టరూ, ఎవరికన్నా లేచిందా?"

అవ్వ నోరు తెరిచింది. నేను ముందే అందుకున్నాను.

"సత్రంలో ఒక్కరికి కూడా లేదండి."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఈ రోజుకీ ఆ జవాబుకు నేను సిగ్గుపడను. కానీ ఆయన అటు వెళ్ళగానే నా ఓపిక అయిపోయింది. మంట తట్టుకోలేక, గిలక కింద నీళ్ళు నిలిచిన తొట్టి వైపు కుంటుకుంటూ నడిచాను. అవ్వ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"అక్కడ వద్దు నాయనా. ఇటు రా."

బావికి దూరంగా, దొడ్డి చివర ఎండునేల మీద నన్ను నిలబెట్టి, కట్టు విప్పించి కాలి మీద చెంబుతో నీళ్ళు పోసింది. పోస్తూ ఏడ్చింది. ఆ తడి నేలలోకి ఇంకిపోయేదాకా అక్కడే కాపలా ఉండి, కోళ్ళను కూడా ఆ పక్కకు రానివ్వలేదు.