కోర్టుకు రాని తల్లి చెట్లు

2022. జిల్లాల హద్దులు మారిన ఏడాది. నిడదవోలు లాయర్లు ఉన్నట్టుండి పశ్చిమ గోదావరి వాళ్ళు కాకుండా పోయి మాతో కలిశారు. రాజమండ్రిలో కోర్టుకు దగ్గర్లోనే మా ఆఫీసు. అప్పటికి కొన్నేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు అక్కడ జూనియర్లకు డ్రాఫ్టింగ్ నేర్పుతున్నాను. డ్రాఫ్టింగ్ అంటే ఇక్కడ వ్యాపార ఒప్పందాలు రాయడం. మా వృత్తిలో వాదించడం నేర్పేవాళ్ళు బోలెడు మంది దొరుకుతారు. రాయడం మాత్రం ఎవరికి వారు పాత కాగితం చూసి, పేర్లు మార్చి నేర్చుకోవాల్సిందే. ఆ పాత కాగితమూ అంతకంటే పాతదాన్ని చూసి రాసిందే అయ్యుంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళుమంట. ఆ మంటతోనే క్లాసు మొదలుపెట్టాను.

నా పద్ధతికి పిల్లలు పోట్లాట క్లాసు అని పేరు పెట్టారు. ఒప్పందం రాశాక రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయిస్తాను. ఇద్దరు జూనియర్లు భాగస్తుల్లా కూర్చుని, ఆ కాగితం చేత్తో పట్టుకుని పోట్లాడుకోవాలి. ఎక్కడ జవాబు దొరక్క నీళ్ళు నములుతారో అక్కడ డ్రాఫ్టు వెనక్కి వెళ్తుంది. బయటివాళ్ళకి ఇది పిల్లలాటలా ఉంటుంది. కానీ కాగితంలోని చిల్లులు కనిపెట్టడానికి నాకు ఇంతకు మించిన దారి తెలియదు.

ఆ వేసవి చివర్లో కడియం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. సుగుణమ్మ గారికి పొలం ఉంది, రాహేలు గారికి అంట్లు కట్టే చెయ్యి ఉంది. రాహేలు గారి నాన్న గారు మిషన్ స్కూల్లో టీచరు. ఆయన పెరట్లో సరదాగా అంట్లు కడుతుంటే చూసి నేర్చుకున్నారట. ఇద్దరూ కలిసి ఎన్నో ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్నారు, మధ్యలో ఒక్క కాగితం ముక్క లేకుండా. ఇప్పుడు బయటి రాష్ట్రపు కంపెనీ ఒకటి ఏటా మామిడి అంట్లు తీసుకుంటామంది, కాకపోతే రిజిస్టరైన సంస్థతోనే వ్యవహారం అంది. అందుకని పార్టనర్‌షిప్ డీడ్, అంటే భాగస్వామ్య పత్రం, రాయించుకోవడానికి వచ్చారు.

అన్నీ బాగానే చెప్పారు. విడిపోవాల్సి వస్తే ఎలా అని అడిగేసరికి సుగుణమ్మ గారు చెవులు మూసుకున్నంత పని చేశారు.

"మంచిరోజు చూసుకుని వచ్చామండి. మొదలెట్టేటప్పుడు ఆ మాటలెందుకండి?"

రాహేలు గారు తనూ ప్రార్థన చేసుకునే బయల్దేరానని, అలాంటివి రాయొద్దని అన్నారు. దేవుళ్ళు వేరైనా ఈ విషయంలో ఇద్దరూ ఒకటే మతం. వాళ్ళననేం లాభం? మా వైపు ఎవరిని కదిపినా ఇదే తంతు. ఈ విడిపోయే షరతుని ఎగ్జిట్ క్లాజ్ అంటాం. క్లయింటు మొహం చూసి ఆ పేజీ దగ్గర గొంతు తగ్గించేసే లాయర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

వాళ్ళిద్దరి అనుమతితో ఆ డ్రాఫ్టు ప్రవీణకి అప్పజెప్పాను. నిడదవోలు నుంచి రైల్లో వచ్చేది. నెమ్మదస్తురాలు, ఎవరినీ నొప్పించదు. మొత్తం పత్రం చక్కగా రాసింది. ఎగ్జిట్ దగ్గరికొచ్చేసరికి ఆమె కూడా ఆ పాత వాక్యమే దించేసింది: విడిపోయినచో ఆస్తులను వాటాల ప్రకారం పంచుకొనవలెను. ఒక్క ముక్కలో అయిపోయిందని ఆడవాళ్ళిద్దరూ సంతోషించారు. నేను మాత్రం శనివారం క్లాసుకి రమ్మన్నాను.

ఆ రోజు జూనియర్లని కాకుండా వాళ్ళనే కుర్చీల్లో కూర్చోబెట్టాను, అదీ తారుమారు చేసి. సుగుణమ్మ గారు రాహేలు గారిలా మాట్లాడాలి, రాహేలు గారు సుగుణమ్మ గారిలా. ఇద్దరూ పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ప్రవీణ కాగితం పట్టుకుని మధ్యలో నిలబడింది.

"రాహేలు గారూ, రేపట్నించి మీరు వేరే నర్సరీ పెట్టుకుంటున్నారు. ఇక్కణ్ణించి ఏం తీసుకెళ్తారండి?" అని సుగుణమ్మ గారిని అడిగింది.

"ఏం తీసుకెళ్తాను? నా చెట్లు..." అని ఆవిడ ఆగిపోయారు.

ఇక్కడ తల్లి చెట్ల సంగతి చెప్పాలి. అంటు కట్టాలంటే మంచి జాతి చెట్టు నుంచి కొమ్మ కోసి తేవాలి. ఆ కొమ్మలిచ్చేవే తల్లి చెట్లు. నర్సరీకి అసలు ఆస్తి అవే. ఈ నర్సరీలో వాటిని చిన్న అంటు మొక్కల దగ్గర్నుంచి పెంచింది రాహేలు గారు. నిలబడి ఉన్నది సుగుణమ్మ గారి నేలలో. ఆ వయసు చెట్లని పెకలిస్తే బతకవు. వాటాల ప్రకారం పంచుకోండి అని మేం రాసిన వాక్యం అక్కడ ఎందుకూ పనికిరాదు.

సుగుణమ్మ గారు ఆట మర్చిపోయారు. "అంటే, ఏదైనా అయితే రాహేలు ఖాళీ చేతుల్తో పోవాలాండి?" అన్నారు.

"పోనీలే వదినా, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నారు రాహేలు గారు. కానీ ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ భయం ఆవిడకి ఎప్పటినుంచో ఉందని, స్నేహం చెడుతుందేమోనని నోరు విప్పలేదని నాకు ఆ క్షణంలో అర్థమైంది. సుగుణమ్మ గారికీ అర్థమైంది. లేచి ఆవిడ పక్కనే కూర్చున్నారు.

తర్వాత పిల్లలు తలా ఒక ఉపాయం చెప్పారు. చెట్లకి ఖరీదు కట్టి ఇవ్వాలన్నారొకరు. ఖరీదు ఎవరు కడతారని ఇంకొకరు పోట్లాటకి దిగారు. ఏదీ తెగలేదు. ప్రవీణ వారం గడువు అడిగింది.

తిరిగొచ్చినప్పుడు ఆలోచన బంగారంలా ఉంది. చెట్టుని పంచక్కర్లేదు, కొమ్మల మీద హక్కు ఇస్తే చాలంది. రాత మాత్రం అచ్చం కోర్టు ఇంగ్లీషు, నాట్‌విత్‌స్టాండింగ్‌తో మొదలై పేజీ చివరి వరకూ ఫుల్‌స్టాప్ లేదు. పైన ఏం రాసినా సరే అని చెప్పడానికి వాడే మాట అది. ఇది ఎవరు చదువుతారమ్మా అని అడిగాను. జడ్జి గారండి అంది.

"జడ్జి గారి దాకా వెళ్ళిందంటే మనం సరిగ్గా రాయనట్టే. గొడవొచ్చిన రోజు పొలం గట్టు మీద నిలబడి చదివేదెవరు?"

కాస్త ఆలోచించి, "సుగుణమ్మ గారబ్బాయి అనుకుంటానండి," అంది.

"అయితే అతనికి రాయి."

ఆమె తెలుగులో రాసిన షరతు ఇది: "తల్లి చెట్లు ఉన్నచోటే ఉంటాయి. విడిపోయిన భాగస్తురాలు ఏటా తొలకరి తర్వాత వచ్చి, చెట్టుకి హాని లేకుండా అంటు కొమ్మలు కోసుకోవచ్చు. నేల ఎవరి చేతిలో ఉంటే వారు చెట్లకి నీళ్ళు పెట్టాలి, నరకకూడదు." కొమ్మల హక్కు కూడా స్థిరాస్తి లెక్కలోకే వస్తుంది కాబట్టి దాన్ని విడిగా రిజిస్టర్ చేయించాం. ఈసారి అశుభం అని ఎవరూ అనలేదు.

తర్వాత కొన్నాళ్ళకి నిజంగానే విడిపోయారు. తప్పు ఎవరిదీ కాదు. సుగుణమ్మ గారబ్బాయి కిరణ్ నర్సరీలోకి వచ్చాడు. అతనికి ఇండోర్ మొక్కల మీద మోజు, రాహేలు గారికి అంట్లే ప్రాణం. ఆవిడ కొవ్వూరు వైపు నేల కౌలుకి తీసుకున్నారు. తల్లి చెట్లు తీసేసి, ఆ మొక్కలకి నీడ కోసం అక్కడ షేడ్‌నెట్ వేయాలని కిరణ్ ఆలోచన. వాళ్ళమ్మ ఒప్పుకోకపోతే, మా నేలలో చెట్లు మావి కావా అంటూ నా దగ్గరికే వచ్చాడు. పత్రం తీసి అతని చేతిలో పెట్టాను.

కుర్చీలో కూర్చుని మెల్లగా చదివాడు. అర్థం చెప్పమని అడగలేదు. మళ్ళీ ఓసారి చదివి తలెత్తాడు.

"నీళ్ళు కూడా మేమే పెట్టాలాండి?"

"మీ అమ్మగారు అలాగే ఒప్పుకున్నారు బాబూ."

"సరేనండి," అని లేచాడు. షేడ్‌నెట్ ఇంకోవైపు వేసుకున్నాడు. అంతే, కేసు లేదు, నోటీసు లేదు. ఆ సాయంత్రమే ప్రవీణకి ఫోన్ చేసి చెప్పాను. అంతకుముందు నేను ఎన్నో కేసులు గెలిచాను. ఇంత సంతోషం ఒక్కదానికీ కలగలేదు.

తొలకరి పడ్డాక కడియం రమ్మని పిలిస్తే ప్రవీణా నేనూ వెళ్ళాం. రాహేలు గారు చెట్టు కింద నిలబడి కొమ్మలు కోస్తున్నారు. సుగుణమ్మ గారు వాటిని తడిగోనెలో చుడుతూ, ఎక్కువ కోసేస్తోందని నాతో ఫిర్యాదు చేస్తున్నారు. కిరణ్ టీలు తెచ్చాడు. మేం బయల్దేరేటప్పుడు సుగుణమ్మ గారు గోనె మట్టి అంటిన చేతుల్తోనే దండం పెట్టారు.

"మీ పుణ్యమా అని బాగా విడిపోయామండి," అన్నారు.

ఇప్పుడు సగం క్లాసులు ప్రవీణే చెబుతోంది. ఒప్పందం అంటే నమ్మకం లేక రాసుకునేదని అనుకుని వచ్చిన పిల్లలకి ముందుగా ఈ చెట్ల సంగతే చెబుతుంది. అడగడానికి మొహమాటపడే మనిషి తరఫున ముందే అడిగిపెట్టడం మన పని అంటుంది. ఆ మాట నాకూ సుగుణమ్మ గారూ రాహేలు గారే నేర్పారు. ఏటా జూన్‌లో కొవ్వూరు నుంచి మా ఆఫీసుకి ఒక మామిడి అంటు వస్తుంది. అది కడియం చెట్టుదే.